ఆరున్నర బ్యాచ్

అమీర్‌పేటలో మూడో అంతస్తు.
కింద జిరాక్స్ షాపు, దాని పక్కన మిర్చీ బండి.
మెట్రో పోయినప్పుడల్లా బోర్డు కొంచెం వణుకుతుంది,
నా చేతిరాత అందుకే అలా ఉంటుందని
అందరికీ చెబుతుంటాను.

ఈ రోజు పాఠం: ఐ వాజ్ అబౌట్ టు.
ఆ తర్వాత ఒక పొడుగాటి గీత.
"గీత మీద మీ బతుకులోంచి ఒక పని పెట్టండి" అన్నాను.
పద్దెనిమిది వందల ఫీజుకు
నేనిచ్చేది ఇంతే, సగం వాక్యం.
మిగతా సగం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.

జంగయ్య క్యాబు నడుపుతాడు. ముందు లేచాడు.
ఐ వాజ్ అబౌట్ టు స్లీప్, బుకింగ్ కేమ్.
శంషాబాద్, సార్, రాత్రి రెండింటికి.
ఎవరూ నవ్వలేదు. వాక్యం కరెక్టే.
బోయిన్‌పల్లి గోడౌన్ నుంచి దేవసహాయం:
ఐ వాజ్ అబౌట్ టు ఆస్క్ లీవ్, మేనేజర్ ఆస్క్డ్ ఓవర్‌టైమ్.
మధ్యలో ఒక ఫర్ తగ్గింది, పట్టించుకోలేదు.
మొఘల్‌పురా ఫర్హానా, పెళ్లిళ్లకు మెహందీ పెడుతుంది:
ఐ వాజ్ అబౌట్ టు ఫినిష్, దెన్ ద బ్రైడ్ క్రైడ్.
"ఎందుకు ఏడ్చింది?" అని వెనక బెంచీ.
"నక్కో, అది నెక్స్ట్ క్లాస్ గ్రామర్" అంది.

నేను వివరిస్తున్నాను:
మనకైతే ఇన్ని మాటలక్కర్లేదు, ఒక్క 'బో' చాలు.
అనబోయాను, ఆగాను.
లేవబోయాను, కూర్చున్నాను.
ఇంగ్లీషు నాలుగు మాటలు పేర్చి కట్టిన గడప మీద
మనం ఒక్క అక్షరంతో నిలబడతాం.
అలా చెప్పి నన్ను నేనే మెచ్చుకోబోయాను.
మెట్రో వచ్చింది.

అండాలు లేచింది.
మాదాపూర్‌లో అద్దాల ఆఫీసు, పదకొండో అంతస్తు, హౌస్‌కీపింగ్.
ఐ వాజ్ అబౌట్ టు, అంది.
గీత దగ్గర ఆగింది.

ఆమె ఇక్కడికి ఎందుకొచ్చిందో నాకు తెలుసు.
చేరిన రోజు ఫారం నింపిస్తుంటే చెప్పింది:
"మీటింగు రూముల బోర్డు తుడిచిన సార్.
మూలకు ఏందో రాసున్నదట, తుడవద్దని.
మూడు వారాల లెక్క పోయిందని అందరు మీద వడ్డరు.
బోర్డు తెల్లగుంటెనే గద నా పని అయినట్టు."

ఆమె మొదట నేర్చుకున్న ఇంగ్లీషు ఆ మూడు మాటలే.
డు నాట్ ఇరేజ్.
ఏ పుస్తకమూ అక్కడ మొదలవదు.

ఆ రోజు ఆమెకొక నమూనా రాసిచ్చాను, మందు చీటీలా:
నోబడీ టోల్డ్ మీ. నాకెవరూ చెప్పలేదు.
పనికొస్తుంది, కంఠతా పట్టు అన్నాను.
ఆమె నోట్లో తిప్పి చూసి వద్దంది.
"చెప్పిండ్రు గద సార్, రాసి.
చెప్పిండ్రు గానీ నాకు గాదు. గిది ఎట్లంటరు?"

ఎట్లంటారు?
ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది.
దే సెడ్ ఇట్, బట్ నాట్ టు మీ, అన్నాను చివరికి.
గైడులో వెతికాను. ఏ నంబరు కిందా లేదు.

ఇవాళ గీత దగ్గర ఆగినామె
"రేపు చెప్త సార్" అని కూర్చుంది.
క్లాసు అయ్యాక డస్టరు ఎప్పుడూ ఆమె చేతికే పోతుంది,
వద్దన్నా వినదు, అలవాటు.
నేను ఫీజు పుస్తకంలోంచి తలెత్తలేదు.

పొద్దున బ్యాంకు పరీక్షల బ్యాచ్‌కు తలుపు తీస్తే
బోర్డంతా తెల్లగా,
కుడి మూల మాత్రం ఒక డబ్బా గీసి ఉంది.
అందులో నా నాలుగు మాటలు, ఆమె చేత్తో.
పక్కన గీత, నాకంటే పొడుగ్గా, ఏమీ పెట్టకుండా.
దాని కింద డు నాట్ ఇరేజ్,
ఎస్ అక్షరం అటు తిరిగి.

"ఇది తుడిచేయనా సార్" అన్నాడు
ముందు బెంచీ కుర్రాడు, లేవబోతూ.
కూర్చో అన్నాను.
ఆ రోజు పాఠమంతా
ఎడమవైపు ఇరుకులో, చిన్న అక్షరాలతో రాశాను.
వెనక వాళ్లు కనబడటం లేదన్నారు.
ముందుకు జరగమన్నాను.